పేరుంది, కానీ దొరకలేదు



ఈసారి రాసేది కంప్యూటర్ సంగతి. "మాకెందుకీ బాత్" అని పక్కన పెట్టేయకండి. మన ఇళ్లలో ఇప్పుడు ఇంటికొక బీటెక్ పిల్లాడో, డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకున్న బిడ్డో ఉన్నారు. మస్జిద్ చందా లెక్కలు, మదర్సా హాజరీ, జకాత్ లిస్టులు, రమ్జాన్ రేషన్ కార్డులు అన్నీ ఎర్ర అట్ట రిజిస్టర్లలోంచి ఎక్సెల్ షీట్లలోకి, అక్కణ్ణుంచి వెబ్‌సైట్లలోకి వచ్చేశాయి. ఆ రాసే పని మన పిల్లలే ఫీ సబీలిల్లాహ్, పైసా తీసుకోకుండా చేస్తున్నారు. మాషా అల్లాహ్, మంచి మాటే. కానీ ఆ లిస్టుల్లో కంటికి కనిపించని అక్షరం ఒకటి ఉంటుంది. అది కూర్చోకూడని చోట కూర్చుంటే హఖ్‌దారులకు రావాల్సిన హఖ్ గేటు దగ్గరే ఆగిపోతుంది. ఆ అక్షరం కథే ఇది.

మనం టైప్ చేస్తూ ఎంటర్ కొడితే కింది లైనులోకి వెళ్తాం. తెల్ల కాగితం మీద అది ఖాళీ జాగా అంతే. కంప్యూటర్‌కి ఖాళీ అనేది లేదు. అలిఫ్‌కి ఒక నంబరు, 'అ'కి ఒక నంబరు ఉన్నట్టే, మాటల మధ్య వదిలే జాగాకీ ఒక నంబరుంది, లైను ముగిసిందని చెప్పడానికీ ఒక నంబరుంది. తకరార్ ఎక్కడంటే, ఆ ముగింపు నంబరు అన్ని మెషీన్లలో ఒకటి కాదు. లైనక్స్‌లోనూ, ఇప్పటి మాక్ కంప్యూటర్లలోనూ లైను ముగింపు ఒకే అక్షరం, నంబరు 10. దాని పేరు లైన్ ఫీడ్. విండోస్‌లో రెండు అక్షరాలు, ముందు 13, తర్వాత 10. ఆ 13 పేరు క్యారేజ్ రిటర్న్. రెండూ తెర మీద కనపడవు. ఏ ఫైలు తెరిచినా లైన్లు చక్కగా ఒకదాని కింద ఒకటి సఫ్ కట్టినట్టే ఉంటాయి.

మా బస్తీలో జరిగింది చెప్తాను. రమ్జాన్‌కి ముందు రేషన్ కిట్లు పంచడానికి మస్జిద్ కమిటీ 212 ఇళ్ల లిస్టు తయారు చేసింది. ఎక్కువ భాగం బేవాలు, ముసలివాళ్లు, ఆటో తిప్పి కుటుంబాన్ని లాక్కొచ్చేవాళ్లు. పోయిన ఏడు ఒకే ఇంటికి రెండుసార్లు వెళ్లిందని గొడవైంది కాబట్టి, ఈసారి కార్డు నంబరు కొడితే "ఉంది" లేదా "లేదు" అని చెప్పే చిన్న వెబ్‌పేజీ పెట్టుకున్నారు. బస్తీ కుర్రాడొకడు పీహెచ్‌పీలో రాశాడు. తన విండోస్ ల్యాప్‌టాప్‌లో పది కార్డులు కొట్టి చూశాడు, పదీ దొరికాయి. అదే ప్రోగ్రామ్‌ని, అదే లిస్టుని అద్దెకు తీసుకున్న లైనక్స్ సర్వర్ మీద పెట్టాడు.

మొదటి రోజు అసర్ తర్వాత పంపకం మొదలైంది. మొదటి కార్డు "లేదు". రెండోది "లేదు". పదిహేనో కార్డుకి లైనులో గుసగుసలు మొదలయ్యాయి. ఒక ఖాలా కార్డు చేతిలో పట్టుకుని "మైఇచ్ ఆకే లిఖాయీ థీ బేటా" అంటూనే ఉంది. తనే స్వయంగా వచ్చి పేరు రాయించుకుందట. గేటు దగ్గరున్న కుర్రాళ్లు ఫోను తెర ఆమెకే చూపిస్తున్నారు. తెర మీద ఎర్రగా "లేదు" అని ఉంది. ఆమెకి చదవడం రాదు. ఆ ఎరుపే చాలు, మొహం వాడిపోవడానికి.

దీనికంటే గలీజు సంగతి ఇంకొకటైంది. అందరివీ కొట్టిచూస్తే ఒక్క కార్డు దొరికింది. 212వది, లిస్టులో ఆఖరిది. ఆమె పేరు ముందురోజు రాత్రి చేర్చారు. ఇంకేం, "ఆఖర్న చేర్చిన ఆమెదే ఎలా దొరికింది? కమిటీలో ఎవరికి రిష్తేదార్?" అని మాట పుట్టింది. పాపం ఆ మనిషి కిట్టు తీసుకోవాలో వద్దో తెలీక గోడ పక్కన నిలబడింది. సదర్ సాబ్ అనుభవం ఉన్నవారు. ఇంటికి మనిషిని పంపి పాత రిజిస్టరు తెప్పించి, చేత్తో టిక్కులు పెట్టుకుంటూ పంపకం నడిపించారు. ఇఫ్తార్ లోపల సగం పైగా పంచేశారు. తరావీహ్ తర్వాత నాకు ఫోను చేసి, ఆ కుర్రాణ్ణి వెంటబెట్టి మా ఇంటికి పంపారు.

"భాయ్, కోడ్ సహీగానే ఉంది. ఇంట్లో పనిచేస్తుంది, సర్వర్ మీద చేయట్లేదు" అన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ప్రోగ్రామ్ రాసేవాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు అనే మాట అది. అబద్ధం కూడా కాదు.

ఇలాంటప్పుడు కోడ్ చదువుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది. డేటాని కొలవాలి. సర్వర్ మీద లిస్టులోంచి ఒక కార్డు తీయించాను. 'బి', ఒక గీత, 47. ఇంగ్లీషులో నాలుగు అక్షరాలు. పొడుగు ఎంతో చెప్పమని స్ట్రింగ్ లెన్త్ అడిగితే 5 అంది. చూడ్డానికి నాలుగు, కొలిస్తే అయిదు. ఆ అయిదోది ఎవరో తెలుసుకోవడానికి అక్షరాలను నంబర్లుగా మార్చి చూపించే ఫంక్షన్ వాడాం. చివర సున్నా, డీ అని వచ్చింది. పదహారు లెక్కలో అదే 13. విండోస్ క్యారేజ్ రిటర్న్. దొంగ దొరికాడు. ఆఖరి కార్డు కొలిస్తే సరిగ్గా ఎంత ఉండాలో అంతే ఉంది.

ఏమైందంటే, లిస్టు విండోస్ ఎక్సెల్‌లో పుట్టింది. ప్రతి లైను చివర 13, 10 జంటగా ఉన్నాయి. ప్రోగ్రామ్‌లో ఆ కుర్రాడు లైన్లు విడగొట్టడానికి పీహెచ్‌పీ ఇచ్చే ఈవోఎల్ అనే పేరు వాడాడు. "ఈ మెషీన్‌లో లైను ముగింపు ఏదో, అది" అని దాని మానే. విండోస్‌లో నడిస్తే దాని విలువ 13, 10. కాబట్టి ఇంట్లో లైన్లు శుభ్రంగా తెగాయి. లైనక్స్‌లో దాని విలువ ఉత్త 10. అక్కడ 10 దగ్గర తెగింది, 13 మాత్రం కార్డు నంబరు తోకకి అంటుకుని ఉండిపోయింది. గేటు దగ్గర కొట్టిన నంబరుకి తోక లేదు, లిస్టులో ఉన్నదానికి ఉంది. కంప్యూటర్ దృష్టిలో అవి రెండు వేర్వేరు మాటలు. లిస్టులో కార్డు నంబరు ప్రతి లైనులో ఆఖరి గడిలో ఉండటంతో దెబ్బ సూటిగా దానికే తగిలింది. అదే పేరుకో వీధికో అంటుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు.

మరి 212వ కార్డు? ఆ పేరుని ఎక్సెల్‌లో కాకుండా నోట్‌ప్యాడ్‌లో తెరిచి చివర చేత్తో టైప్ చేశారు. రాశాక ఎంటర్ కొట్టలేదు. ఆ లైను వెనక 13 లేదు, 10 లేదు. అందుకే దొరికింది. ఆమె ఎవరికీ రిష్తేదార్ కాదు. కొట్టని ఒక ఎంటర్ ఆమె పేరుని నిలబెట్టింది, కొట్టిన ఎంటర్లు మిగతా 211 మందిని బయట నిలబెట్టాయి.

మరమ్మతు రెండు నిమిషాల పని. 13, 10 జంట వచ్చినా, ఉత్త 10 వచ్చినా, ఉత్త 13 వచ్చినా లైను ముగింపుగానే చూడమని రాసి, తీసిన ప్రతి నంబరుని ట్రిమ్ చేయించాం. ట్రిమ్ అంటే ముందూ వెనకా అంటుకున్న ఖాళీలు, ఈ 10లు 13లు దులిపేయడం. కానీ నేనా కుర్రాడికి చెప్పింది వేరే. "లైను ముగింపు ఏదో చెప్పేది ఫైలు పుట్టిన చోటు. నువ్వు అడిగింది ప్రోగ్రామ్ నడుస్తున్న చోటుని. అతిథి ఏం తింటాడో అతిథిని అడగాలి, వంటమనిషిని కాదు."

ఇలా రెండు రకాలు ఎందుకు వచ్చాయి? ఇందులో ఎవరి నియ్యత్ చెడ్డది కాదు. కోర్టుల దగ్గర చెట్టు కింద టైపిస్టులు మీకు గుర్తుంటారు. లైను చివరికి రాగానే గంట మోగేది. ఎడమ పక్క కమ్మీ పట్టుకుని తోస్తే రెండు పనులయ్యేవి. కాగితం ఒక లైను పైకి జరిగేది, బండి మళ్లీ మొదటికి వచ్చేది. తంతి మీద నడిచే టెలిటైప్ యంత్రాలు ఈ రెండిటినీ విడివిడి హుకుములుగా పెట్టుకున్నాయి. బండిని మొదటికి తెచ్చేది క్యారేజ్ రిటర్న్, కాగితం జరిపేది లైన్ ఫీడ్. 1963లో వచ్చిన టెలిటైప్ మోడల్ 33 సెకనుకి 10 అక్షరాలు కొట్టేది. బండి కుడి చివరి నుంచి ఎడమకి రావడానికి ఒక అక్షరం కొట్టేంత వ్యవధి చాలదు. అందుకే ముందు 13 పంపి, బండి వస్తుండగానే 10 పంపేవారు. కాగితం జరిగేలోపు బండి ఇల్లు చేరేది. ఉత్త 13 పంపితే అదే లైను మీద మళ్లీ కొట్టి, కింద గీత గీయడానికో, అక్షరం ముదురు చేయడానికో వాడుకునేవారు. కంప్యూటర్ అక్షరాలకు నంబర్లిచ్చిన ఆస్కీ పద్ధతి కూడా 1963దే. ఆ రెండు హుకుములూ అందులో నంబర్లుగా స్థిరపడ్డాయి.

తర్వాత యూనిక్స్ తయారు చేసినవాళ్లు ఫైలులో ఒక్క 10 చాలన్నారు, ప్రింటరుకి పంపేటప్పుడు కావలిస్తే 13 చేర్చుకుందామన్నారు. లైనక్స్‌కి ఆ విరాసత్ వచ్చింది. సీపీ-ఎమ్ అనే పాత సిస్టమ్ రెండిటినీ ఉంచుకుంది, దాన్నుంచి డాస్‌కి, డాస్ నుంచి విండోస్‌కి వచ్చింది. ఆపిల్ పాత మాకింటాష్‌లు ఉత్త 13తో నడిచాయి. 2001లో మాక్ ఓఎస్ టెన్ వచ్చాక అవీ 10కి మారాయి. విండోస్ నోట్‌ప్యాడ్‌కైతే ఉత్త 10 ఉన్న ఫైలు చదవడం 2018 దాకా రాలేదు, లైన్లన్నీ కలిపి ఒకే తాడులా చూపించేది. యంత్రాలు తుక్కయిపోయాయి, వాటి రివాజు మాత్రం మన రేషన్ లిస్టులో బతికే ఉంది.

దీనికి దగ్గరి సంగతి మన ఇంట్లోనే ఉంది. హిందుస్తాన్‌లో ఛాపా అయిన ముస్‌హఫ్‌లో పదాల మీద చిన్న చిన్న నిశానీలుంటాయి. మీమ్ ఉంటే తప్పక ఆగాలి, జీమ్ ఉంటే ఆగొచ్చు, లామ్ అలిఫ్ ఉంటే ఆగకూడదు, తోయ్ ఉంటే ఆగడం మంచిది. రుమూజె ఔఖాఫ్ అంటాం. హిజ్రీ ఆరో శతాబ్దపు ఆలిమ్ సజావందీ ఏర్పరచిన పద్ధతి ఇది. ఉమ్రా నుంచి ఎవరైనా మదీనా ముస్‌హఫ్ తెచ్చిస్తే, ఇంట్లో పెద్దవాళ్లు మొదటి రోజు కాస్త తడబడతారు. అందులో తోయ్ కనపడదు, వేరే నిశానీలుంటాయి. కలామ్ అదే, ఆగే చోటు చూపించే రివాజు వేరు. అలాంటప్పుడు ఏం చేస్తాం? ఆఖరి పేజీల్లో ఆ నిశానీల వివరం ఉంటుంది, అది చూసుకుని చదువుతాం. పోలిక ఇంతవరకే. అక్కడ నిశానీ కంటికి కనిపిస్తుంది, వివరం రాసి ఉంటుంది. మామూలు టెక్స్ట్ ఫైలులో రెండూ ఉండవు. అందుకే మనమే కొలిచి తెలుసుకోవాలి.

ఆ రాత్రే ఇంకో చిక్కు కూడా బయటపడింది. కిట్టు తీసుకెళ్లమని ఇళ్లకి పంపిన మెసేజుల్లో మాటల మధ్య ఒక ఏటవాలు గీత, పక్కన ఇంగ్లీషు 'ఎన్' కనిపిస్తున్నాయి. ప్రోగ్రామ్‌లో కొత్త లైను కావాలంటే బ్యాక్‌స్లాష్ ఎన్ అని రాస్తాం. అది కొత్త లైను కాదు, కొత్త లైను పెట్టమని రాసిన చిట్టీ. ఆ చిట్టీని చదివి అమలు చేసేవాడు ఒకడుండాలి. పీహెచ్‌పీలో మాటని రెండు కామాల మధ్య పెడితే చిట్టీ అమలవుతుంది, ఒంటి కామాల మధ్య పెడితే అక్షరాలుగానే మిగిలిపోతుంది. పైథాన్‌లో, జావాస్క్రిప్ట్‌లో ఒంటి కామాకీ జంట కామాకీ ఆ తేడా లేదు. అందుకే ఒక భాష నుంచి ఇంకో భాషకి వచ్చిన పిల్లలు ఇక్కడే కాలు జారుతారు. లైనక్స్‌లో ఎకో అనే హుకుం కూడా అంతే. బ్యాష్‌లో మామూలుగా చిట్టీని అలాగే అచ్చువేస్తుంది. ఉబుంటులో ఎస్‌హెచ్ పేరుతో నడిచే డ్యాష్‌లో దాన్ని అమలు చేస్తుంది. ఒకే మెషీన్, ఒకే స్క్రిప్ట్, పిలిచిన పేరు వేరు, ఫలితం వేరు. దానికి బదులు ప్రింట్‌ఎఫ్ వాడితే రెండు చోట్లా ఒకేలా ఉంటుంది.

బ్రౌజర్‌ది ఇంకో తరీఖా. అసలైన 10 అక్షరం ఇచ్చినా వెబ్‌పేజీ దాన్ని ఒక ఖాళీగా చూపించి ఊరుకుంటుంది. అక్కడ లైను తెగాలంటే బీఆర్ ట్యాగ్ పెట్టాలి, లేదంటే వైట్-స్పేస్ అనే స్టైల్‌కి ప్రీ-లైన్ అని చెప్పాలి. ఎవరైనా మంచి షేర్ పంపితే రెండు మిస్రాలు కలిసిపోయి ఒకే వచనంలా కనిపించేది చాలాసార్లు ఇందువల్లే. ఇక ఫారమ్‌లో పెద్ద డబ్బాలో రాసిన మాట బ్రౌజర్ లోపల ఒక్క 10తో ఉంటుంది, సర్వర్‌కి మామూలుగా పంపేటప్పుడు 13, 10 జంటగా మారుతుంది. ఇక్కడ సరిపోయిన అక్షరాల లెక్క అక్కడ ఎక్కువైపోయేది అందుకే.

మీ ఇంట్లో ప్రోగ్రామ్ రాసే పిల్లలుంటే ఈ నాలుగు మాటలు వినిపించండి.

ఒకటి, "నా దగ్గర నడుస్తోంది, అక్కడ నడవట్లేదు" అన్నప్పుడు మొదట పొడుగు కొలవాలి. కనిపించేదానికంటే ఒకటి ఎక్కువుంటే తోక ఉన్నట్టే. లైనక్స్‌లో ఫైల్ అనే హుకుం ఆ ఫైలు సీఆర్‌ఎల్ఎఫ్ తరహాదో కాదో చెప్పేస్తుంది. క్యాట్‌కి పెద్ద ఏ జోడిస్తే లైను చివర టోపీ గుర్తు, ఎమ్ కనిపిస్తాయి, అది 13. వీఎస్ కోడ్‌లో కింద కుడి మూలన సీఆర్‌ఎల్ఎఫ్ అనో ఎల్ఎఫ్ అనో రాసి ఉంటుంది. ఒక్క క్లిక్కుతో మార్చుకోవచ్చు.

రెండు, బయటి నుంచి వచ్చిన మాటని గడప దగ్గరే కాళ్లు కడిగించి లోపలికి తేవాలి. లోపల ఎక్కడైనా 10 ఒక్కటే ఉండాలి. బయటికి పంపేటప్పుడు పుచ్చుకునేవాడి రివాజు చూసి మార్చాలి. ఉదాహరణకి ఈమెయిల్ నియమాల్లో 13, 10 జంటే ఉండాలి. పైథాన్ టెక్స్ట్ ఫైలు చదివేటప్పుడు ఈ కడిగే పని తనే చేస్తుంది. అయితే దాని సీఎస్‌వీ మాడ్యూల్‌కి ఫైలు ఇచ్చేటప్పుడు న్యూలైన్ దగ్గర ఖాళీ కామాలు పెట్టాలి. పెట్టకపోతే విండోస్‌లో రాసిన షీటులో ప్రతి వరసకీ మధ్య ఒక ఖాళీ వరస వస్తుంది.

మూడు, ప్రోగ్రామ్ ఫైలు కూడా ఒక ఫైలే. అందులో నాలుగు లైన్ల పొడవు మాటని నేరుగా రాస్తే, ఆ ఫైలు ఏ రివాజులో సేవ్ అయిందో పీహెచ్‌పీలో ఆ మాటలోకీ అదే వస్తుంది. జావాస్క్రిప్ట్ మాత్రం బ్యాక్‌టిక్‌ల మధ్య రాసినదాన్ని 10గా మార్చేస్తుంది. గిట్ వాడేవాళ్ల ఫైళ్లు విండోస్‌లో సెట్టింగుని బట్టి 13, 10గా మారిపోవచ్చు. గిట్ఆట్రిబ్యూట్స్ ఫైలులో లైను ముగింపు ఎల్ఎఫ్ అని ఒకసారి రాసి పెడితే టీములో అందరికీ ఒకటే రివాజు. విండోస్‌లో రాసిన షెల్ స్క్రిప్ట్ లైనక్స్‌లో "బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్" అని మొరాయిస్తే, మొదటి లైను చివర 13 ఉందేమో చూడాలి. డాస్‌టుయూనిక్స్ అనే చిన్న పనిముట్టు దాన్ని తీసేస్తుంది.

నాలుగోది పిల్లలకి కాదు, కమిటీ పెద్దలకి. కంప్యూటర్ "లేదు" అంటే, వెతికిన చోట ఆ రూపంలో దొరకలేదని మాత్రమే మానే. ఆ మనిషి అబద్ధం చెప్పిందని కాదు. మొదటి అయిదు కార్డులూ "లేదు" అంటే అనుమానించాల్సింది మెషీన్‌ని, లైనులో నిలబడ్డ ఆడవాళ్లని కాదు. దొరికిన ఒక్కరినీ కాదు. కాగితం రిజిస్టరు పక్కనే ఉంచుకోండి. పంపకానికి ముందురోజు, ఏ సర్వర్ మీద నడవబోతోందో అదే సర్వర్ మీద, లిస్టులో మొదటి కార్డు, మధ్యలో ఒకటి, ఆఖరిది కొట్టి చూడండి. అయిదు నిమిషాల పని.

రెండో రోజు పంపకం ఆ వెబ్‌పేజీతోనే, ఆ కుర్రాడి చేతులమీదుగానే జరిగింది. పిల్లలు ఇలాంటి పనికి ముందుకొచ్చినప్పుడు ఒక చిక్కు పడిందని వెనక్కి తోసేయకండి. పక్కన కూర్చుని కొలవడం నేర్పించండి. చేతిలో అమానత్ ఉందని తెలిసినవాడికి, కనిపించని అక్షరాన్ని కూడా లెక్కలోకి తీసుకునే అలవాటు దానంతటదే వస్తుంది.